ఉత్తీర్ణతా విరామం

లోకంలో దేనికైనా ఒక హద్దు ఉండవచ్చు గాని ఉత్తీర్ణతకు మాత్రం ఉండకూడదని గోదావరి జిల్లాల్లోని ఒక విశ్వవిద్యాలయం ఏకగ్రీవంగా తీర్మానించింది. ప్రతి శాఖా ప్రతి పేపరులోనూ నిరుటి కంటే ఈ ఏడు ఎక్కువ శాతం మందిని పాస్ చేయించి తీరాలి. దీన్ని కనిపెట్టి ఉండడానికి వృద్ధి పర్యవేక్షణ విభాగం అని ఒకటి పెట్టి, శివరామరాజు గారిని డైరెక్టరుగా వేశారు. (ఆయనకు భీమవరం పక్కన రొయ్యల చెరువులున్నాయి. వృద్ధి విషయంలో అంతకు మించిన అర్హత ఇంకెవరికీ లేకపోయింది.)

చిక్కంతా అర్థశాస్త్ర శాఖకు వచ్చి పడింది. ఎమ్మే రెండో ఏడాదిలో వృద్ధి సిద్ధాంతాలనే పేపరు ఉంది. నిరుడు ఆ పేపరు రాసినవాళ్లంతా పాసయ్యారు. అంటే నూటికి నూరు. అంటే ఈ ఏడు నూరు దాటాలి.

శాఖాధిపతి మురళీకృష్ణ గారు ఆ పేపరు చెప్పడంలో తల నెరిసినవారు. యంత్రాల మీద యంత్రాలు పెట్టుకుంటూ పోతే కొన్నాళ్లకు కొత్తగా పెట్టేదంతా పాతవాటి అరుగుదలకే సరిపోతుందనీ, అక్కడితో పెరుగుదల నిలిచిపోతుందనీ, దాన్నే స్థిర స్థితి అంటారనీ బోర్డు మీద గీత గీసి చూపేవారు. ఆ గీతనే కాగితం మీద గీసి, నూరు దాటడం సాధ్యం కాదని విభాగానికి రాశారు. మీ శాఖలో వృద్ధికి వ్యతిరేకమైన బోధన జరుగుతున్నట్టు తెలియవచ్చింది, వివరణ ఇవ్వగలరు, అని జవాబు వచ్చింది. ఆయన వివరణ ఇవ్వలేదు. వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డారు. (సిద్ధాంతం వేరు, ప్రమోషన్ వేరు.)

"ఏంటండీ మాస్టారూ, ఇంతదానికే కంగారు పడిపోతారు," అన్నారు రాజుగారు. "పంటకీ పంటకీ మధ్య మేం చెరువు ఎండగడతామా లేదా? కోనసీమ రైతులు పంట విరామం అన్నారా లేదా? మీరూ ఓ ఏడు ఎండగట్టండి. ఒకళ్లని ఫెయిల్ చేసెయ్యండి. పై ఏడు మళ్లీ నూరు. అప్పుడు చూడండి గీత ఎలా లేస్తుందో."

"ఆయ్. ఎవర్నండీ మరి?"

"అది మీ సబ్జెక్టండి."

ఆ విధంగా ఉత్తీర్ణతా విరామ పథకం పుట్టింది. విరామం పాటించిన ఏడాదిని సన్నాహక సంవత్సరం అనాలనీ, దాన్ని తగ్గుదలగా ఎవరూ భావించరాదనీ ఉత్తర్వు కూడా వచ్చింది.

తరగతిలో ఉన్నది ఆరుగురు. అందరిలోకీ వెనకబడినవాడు శ్యాంబాబు. పేపరు పేరు కూడా పక్కవాళ్లని చూసి రాసేవాడు. అతన్ని ఫెయిల్ చేయడం తేలికే గాని, పై ఏడు కూడా ఫెయిలయ్యే ప్రమాదం ఉంది. అప్పుడిక గీత లేవదు. వచ్చే ఏడు తప్పకుండా పాసవుతుందని పూచీ ఇవ్వగలిగిన మనిషి కావాలి. అలాంటిది ఒక్కతే ఉంది. తరగతిలో అందరికంటే బాగా చదివే రెబెక్కా.

రెబెక్కాది రాజోలు వైపు. ఆమెకు తొమ్మిదో ఏట తల్లి కువైట్ వెళ్లి, ఎవరింట్లోనో వంటకు కుదిరింది. కాకినాడలో ఒక ప్రైవేటు కాలేజీ వారు, జూన్‌లో పాసైన కాగితం చూపిస్తే లెక్చరరు ఉద్యోగం ఇస్తామన్నారు. ఆ ఉద్యోగం వస్తే తల్లి అగ్రిమెంటు తిరగరాయకుండా వచ్చేస్తుంది. దేశాలు ఎందుకు ఎదుగుతాయో రెబెక్కా అంత శ్రద్ధగా చదివింది ఆ ఒక్క ప్రయాణం కోసమే.

ఫలితాలు చూసుకుని ఆమె మురళీకృష్ణ గారి గదికి వెళ్లింది.

"నేనన్నీ రాశానండి."

"రాశావమ్మా. నీ పేపరే అందరికంటే బావుంది. అందుకే నిన్ను నమ్ముకున్నాం."

"నమ్ముకుని ఫెయిల్ చేశారాండి?"

"ఇంకోళ్లయితే దిగులుపడి చదువు మానేస్తారు. నువ్వలా కాదు. వెనకబడినవాళ్లే వేగంగా ఎదుగుతారని మూడో యూనిట్‌లో చెప్పుకున్నాం కదా."

"నేను వెనకబడలేదు కదండి."

"ఇప్పుడు పడ్డావుగా," అన్నారాయన జాలిగా.

ఆమె రీవాల్యుయేషన్‌కు పెట్టుకుంది. సన్నాహక సంవత్సరంలో మార్కులు పెరిగితే సన్నాహం చెడుతుందని తిప్పి పంపారు. కాకినాడ వారు జూన్ దాకా చూసి, అదే శాఖలో పాసై, ఖాళీగా దొరికిన శ్యాంబాబును తీసుకున్నారు. అతను వెళ్తూ వెళ్తూ రెబెక్కా నోట్సు అడిగి పట్టుకెళ్లాడు. "అక్కడ పిల్లలకి చెప్పాలి కదా. ఏమనుకోకే," అన్నాడు.

"అయితే ఇంకో రెండేళ్లకి సంతకం పెట్టేస్తానమ్మలూ," అంది తల్లి ఫోనులో. "ఈళ్లు కూడా ఎల్లొద్దంటన్నారులే." అవతల ఎవరి బిడ్డో ఏడుపందుకుంది. ఉండు అని ఫోను పక్కన పెట్టి వెళ్లింది. తన తల్లి ఆ బిడ్డను ఊరుకోబెట్టడం రెబెక్కా చాలాసేపు విన్నది. తర్వాత లైను కట్టయింది.

మరుసటి ఏడు రెబెక్కా పాసయింది. తరగతంతా పాసయింది. గీత లేచింది. సభ పెట్టి, వృద్ధి అంటే ఇదీ అని రాజుగారు ఆమెకు శాలువా కప్పారు. మురళీకృష్ణ గారిని వృద్ధి విభాగంలోకే పై పదవికి తీసుకున్నారు. ఖాళీ అయిన పేపరు చెప్పడానికి రెబెక్కాను గెస్టు లెక్చరరుగా వేశారు. ఆర్డరు ఒక ఏడాదికే. లక్ష్యం నెరవేరితే పొడిగిస్తారు.

నూరు వచ్చిన మరుసటి ఏడు గనుక లక్ష్యం మళ్లీ విరామమే.

"ఎవరన్నది మీ ఇష్టం మేడం గారూ," అన్నారు మురళీకృష్ణ గారు. ఆయన ఇప్పుడామెను మీరు అంటున్నారు. "నమ్మకమైన పిల్లయితే చాలు."

ఆ రాత్రి తల్లి ఫోను చేసింది. "వచ్చే జూన్‌కి అగ్రిమెంటు అయిపోద్దమ్మలూ. ఈసారన్నా టికెట్టు తీసుకోమంటావా?"

"ఆర్డరు పొడిగిస్తే తీసుకుందువు గానమ్మా."

"పొడిగిస్తారా?"

"పొడిగిస్తారు," అంది రెబెక్కా.

పొద్దున్నే ఆమె తరగతికి వెళ్లి, ఇక్కడ అందరికంటే బాగా చదివేది ఎవరని అడిగింది. మొదటి బెంచీలోంచి ఒక అమ్మాయి సంతోషంగా లేచి నిలబడింది.