నాలుకయ్య ఎత్తిన ఒక్క వేలు

ఆ రోజుకి నాలుకయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, బీరు కార్ఖానాకి వెళ్లాలి, బావమరిది తయారుచేసిన చెర్రీ బీరు రుచి చూడాలి, ఉన్నదున్నట్టు చెప్పి ఇంటికి రావాలి. కాఫీ దగ్గరే పథకం బెడిసికొట్టింది. కప్పు ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆవిరి తగిలింది గానీ వాసన తగల్లేదు. రాత్రి పట్టిన జలుబు ముక్కులో తిష్ఠ వేసుకుని కూర్చుంది.

ఆయన అసలు పేరు కార్ఖానాలో ఎవరికీ గుర్తులేదు. పండ్లు వేసి పులియబెట్టే పుల్ల బీరు విషయంలో ఆయన మాటే వేదవాక్కు గనక నాలుకయ్య అన్న పేరు స్థిరపడిపోయింది. అయితే ఆ వ్యవహారంలో నాలుక చేసే పని సగమే. పులుపు నాలుకకి తెలుస్తుంది. ఆ పులుపు వెనక ఉన్న పండేదో చెప్పాల్సింది ముక్కు.

"ఇవాళ్టికి సెలవు పెట్టెయ్యండి," అంది భార్య.

"ఎలా పెడతాను? ఇవాళ మీ తమ్ముడి బీరు. ఇది కూడా పోతే వాణ్ణి మళ్లీ సీసాలు కడగడానికి పంపిస్తానన్నాడు ఓనరు."

"అయితే వెళ్లండి. కానీ మావాడని ఎక్కువ వేశారన్న మాట రాకూడదు. ముందే చెప్తున్నా."

"ఎక్కువో తక్కువో తర్వాత చూద్దాం. ముందు ఈ ముక్కు తెరుచుకోవద్దూ!"

ముక్కు తెరుచుకోలేదు.

రుచి చూసే గదిలో కొన్ని కట్టుబాట్లున్నాయి. రంగు కనపడకుండా నల్ల గ్లాసులు వాడతారు. వాటిలో ఒకదానిలో అసలు బీరు, ఇంకోదానిలో అదే బీరులో వెనిగర్ కలిపి పాడుచేసింది. చూసేవాళ్లు మెలకువగా ఉన్నారో లేదో తేల్చడానికి ఆ ఏర్పాటు. ఏది ఏదో పోసినవాడికే తెలుసు. ఎవరూ నోరు మెదపకూడదు. గంట కొట్టగానే అందరూ ఒక్కసారే వేళ్లు ఎత్తాలి. ఐదు వేళ్లంటే అద్భుతం, ఒక్క వేలంటే అధ్వాన్నం.

నోరు మెదపకూడదన్నారు గానీ మొహాలు చూసుకోకూడదని ఎవరూ అనలేదు. నాలుకయ్య పక్క కుర్చీలో ఉన్న ల్యాబ్ ఆవిడని నమ్ముకున్నాడు. ఆవిడ మొహం ఎలా పెడితే తనూ అలాగే పెడితే సరి, గండం గడిచినట్టే. పాపం, ఆవిడ పొద్దున పొయ్యి మీద టీ సరిపోయిందో లేదో చూడబోయి నాలుక చుర్రుమనిపించుకుని వచ్చింది. ఆవిడ నాలుకయ్య మొహాన్ని నమ్ముకుంది.

పోసింది బావమరిదే. అతనే మొదటి గ్లాసు తెచ్చి పెట్టాడు. ముప్పై దాటిన మనిషి, పరీక్షకొచ్చిన పిల్లాడిలా పక్కన నిలబడ్డాడు. పులుపు తగలగానే కాలిన నాలుక భగ్గుమని ల్యాబ్ ఆవిడ మొహం ముడుచుకుపోయింది. అది చూసి నాలుకయ్య మూతి విరిచాడు. ఆయన విరుపు చూసి ఆవిడకి 'అమ్మయ్య, నా నాలుక పనిచేస్తోంది' అని ధైర్యం వచ్చి మరికాస్త ముడిచింది. ఎదురుగా కూర్చున్న ఓనరు ఇద్దరినీ చూసి ఆముదం తాగినవాడిలా మొహం పెట్టాడు. గంట మోగింది. మూడు చేతులు, మూడు వేళ్లు.

రెండో గ్లాసు వచ్చేసరికి ఆవిడ నాలుక మొద్దుబారిపోయింది. మంట లేదన్న సంతోషంలో మొహం విప్పారింది. ఇంకేముంది, నాలుకయ్య కళ్లు మూసుకుని తల ఆడించాడు, ఓనరు లొట్టలు వేశాడు. ఎత్తగలిగిన వేళ్లన్నీ లేచాయి.

"మొదటిది కాలవలోకి వదిలెయ్!" అన్నాడు ఓనరు లేస్తూనే. "రెండోది సీసాలకి ఎక్కాలి. నేను హోటలువాళ్లకి ఫోన్ చేసొస్తా." రెండోదే అసలు బీరా అని అడిగే తీరిక కూడా లేకుండా వెళ్లిపోయాడు.

వరండాలో నాలుకయ్య బావమరిదిని పట్టుకున్నాడు. "రెండోదే కదా మనది?"

"కాదు బావా. అది వెనిగర్ కలిపింది."

నాలుకయ్య ఓనరు వెళ్లిన వైపు చూశాడు. బావమరిది మాత్రం తల దించుకుని పీపాల గదిలోకి వెళ్లి కింది కొళాయి తిప్పేశాడు. ఏడాదిగా కంటికి రెప్పలా చూసుకున్న బీరు బుడబుడమంటూ కాలవలో పడింది. నాలుకయ్య వెనకే పరిగెత్తుకొచ్చాడు.

"ఆపరా! నాకు జలుబు! నాకేమీ తెలియలేదు!"

"అక్క కోసం అబద్ధం చెప్తున్నావు. నీ నాలుక తప్పు చెప్పదు బావా."

"చెప్పిందంటుంటే వినవేం!"

"జాలి పడి చెప్తున్నావులే. వెనిగర్ కంటే ఘోరంగా ఉందన్నమాట నాది."

నిజం చెప్పి నమ్మించడం ఇంత కష్టమని నాలుకయ్య ఎన్నడూ అనుకోలేదు. చుట్టూ చూశాడు. మూలన, పిండేసిన చెర్రీల పిప్పి కుళ్లుతున్న బకెట్టుంది. ఆ వైపు వెళ్లాలంటే పనివాళ్లు మొహానికి గుడ్డ కట్టుకుంటారు. నాలుకయ్య మూత తీసి, తల లోపలికి పెట్టి, గుండెల నిండా పీల్చి, తాపీగా తల పైకెత్తాడు.

"ఏముంది ఇందులో?" అన్నాడు.

బావమరిది ముక్కు మూసుకుని, రెండో చేత్తో గబగబా కొళాయి కట్టేశాడు. అప్పటికి పీపా సగం ఖాళీ.

కేకలు విని ల్యాబ్ ఆవిడ, ఓనరు పరిగెత్తుకొచ్చారు. సంగతి వినగానే ఆవిడ తన నాలుక కథ తనే చెప్పేసి చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇద్దరూ కలిసి నన్ను ముంచారు కదయ్యా!" అన్నాడు ఓనరు.

"మరి మీకు వెనిగర్ తెలియలేదా సార్?" అన్నాడు నాలుకయ్య.

ఓనరు పైకప్పు వంక చూశాడు. "నాకసలు పులుపు పడదు. మొదట్నుంచీ మీ మొహం చూసే ఎత్తుతున్నా."

నాలుకయ్యకి సిగ్గేసింది. జలుబు దాచినందుకు కాదు. ఇంతమంది తన మొహం చూసి తాగుతుంటే ఇన్నాళ్లూ అది గౌరవమనుకుని మురిసిపోయాడు. తన వేలు ఒక్కటి లేచేసరికి ఒక మనిషి ఏడాది కష్టాన్ని తన చేత్తోనే పారబోసుకున్నాడు, కనీసం ఒక్క గుక్క తాగి చూసుకోకుండా.

నాలుకయ్య గ్లాసు నింపి బావమరిది చేతిలో పెట్టాడు. "తాగి చెప్పు."

"నేనేం చెప్తాను బావా? చేసినవాణ్ణి. చెప్పాల్సింది నువ్వు."

"నాకు ముక్కు లేదు, ఆవిడకి నాలుక లేదు. సారు సంగతి సారే చెప్పారు. ఇక మిగిలింది నువ్వే. నా వైపు చూడకు, గోడ వైపు తిరుగు."

బావమరిది గోడ వైపు తిరిగాడు. ఒక గుక్క తాగి ఆగాడు. ఇంకో గుక్క తాగాడు. మొహం కనపడక అందరూ వీపు చూస్తూ నిలబడ్డారు.

"పండు ముందొచ్చింది," అన్నాడు మెల్లగా, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "పులుపు వెనకాల వచ్చింది, గుచ్చుకోలేదు. చివర్లో గింజ చేదు కొంచెం తగిలింది. అదీ ఉండాలి." ఇటు తిరిగాడు. కళ్లలో నీళ్లు. "బాగుంది బావా. నువ్వు బాలేదన్నా సరే, ఇది బాగుంది."

నాలుకయ్య తన చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

ఓనరు మాత్రం గ్లాసు ముట్టుకోకుండానే ఐదు వేళ్లూ ఎత్తేశాడు.