సన్న తూటా, లావు తూటా

ఆ ఆదివారం లైల్ హాగీ వేసుకున్న పథకం చిన్నది. ఎనిమిదింటికి ఊళ్ళోకి వెళ్ళి ఒక రైఫిల్ కొనాలి. పదింటికి ఇల్లు చేరాలి. మధ్యాహ్నం కొండెక్కి మగ ఎల్క్‌ను, అంటే గుర్రమంత దుప్పిని, కొట్టాలి. దానికి కావలసిన వేట పర్మిట్ కోసం అతను పద్నాలుగేళ్ళు లాటరీలో పేరు వేశాడు. ఈ ఏడు తగిలింది. ఇంకొకరి పేరుకి మారదు. ఆ సాయంత్రంతో వేటకాలం సరి.

ముందురోజు దాకా తండ్రి రైఫిల్ ఉండేది. గేటు మూయడానికి దిగి, దాన్ని ట్రక్కు వెనక ఆనించి, మరిచిపోయి ట్రక్కుని దాని మీదికే వెనక్కి నడిపాడు.

"నాది పట్టుకుపోవయ్యా, వంటింటి తలుపు వెనకే ఉందిగా," అంది భార్య వెర్నా.

"అది నక్కల్ని తోలడానికి. పద్నాలుగేళ్ళ పర్మిట్‌కి దానితోనా?"

వెర్నా ట్రక్కు తాళాలు అతని చేతిలో పెట్టింది.

తుపాకుల కొట్టు యజమాని ఒడెల్ బల్ల మీద రెండు రైఫిళ్ళు పెట్టాడు. రెండూ కిందున్న పిడిని తోసి లాగితే తూటా ఎక్కే రకమే. ఒకటి తేలిక, సన్న తూటా. రెండోది బరువు, లావు తూటా. అయిదు నిమిషాల పని. కాని ఆదివారం చర్చి వదలగానే ముసలివాళ్ళు చేరేది ఒడెల్ కాఫీ కుండ చుట్టూనే.

"లావుదే తీసుకోరా. ఎల్క్ అంటే కుందేలనుకున్నావా?" అన్నాడు వాళ్ళలో బర్ట్.

"అది పేలిస్తే ముందు నీ భుజం చస్తుంది," అన్నాడు క్లైడ్. "మీ నాన్న జన్మంతా సన్నదే వాడాడు."

లైల్ లావుది ఎత్తాడు. క్లైడ్ కప్పు కింద పెట్టాడు. "అయితే నా కంచరగాడిదల్ని అడక్కు. మాంసం నువ్వే మోసుకో, భుజం మిగిలితే."

లైల్ దాన్ని దించి సన్నది ఎత్తాడు.

"కొండకి దారి మా పొలంలోంచేగా?" అన్నాడు బర్ట్. "గేటుకి తాళం పడుతుంది. పిట్టల తుపాకీతో మా పొలం తొక్కకు."

లావుదైతే దారి ఉంది, గాడిద లేదు. సన్నదైతే గాడిద ఉంది, దారి లేదు. లైల్ రెండూ దించి కాఫీ తాగాడు.

గొడవ తీర్చడానికి ఒడెల్ ఇద్దర్నీ కొట్టు వెనక్కి తీసుకెళ్ళి చెక్క మీద కాల్పించాడు. రెండు తూటాలూ చెక్కలోంచి దూసుకుపోయాయి. ఇద్దరూ తామే గెలిచామన్నారు. సర్దిచెప్పడానికి వచ్చిన పాస్టరు, ఈ రెండూ కాదు, పక్కనున్న బోల్టు లాగి పేల్చే రకం రైఫిల్ మేలన్నాడు. ఆ రోజంతటిలో బర్ట్, క్లైడ్ ఒక్కమాట మీదికి వచ్చింది అతన్ని బయటికి పంపడానికే.

పన్నెండింటికి ఫోన్ మోగింది. "వెర్నా. వెంటనే రమ్మంటోంది," అన్నాడు ఒడెల్.

"భోజనం చల్లారుతోందనేలే. వస్తున్నానని చెప్పు."

రెండు గంటలకి మళ్ళీ అదే ఫోను, అదే జవాబు. మూడింటికి ఒడెల్ రిసీవరు ఎత్తడం మానేశాడు.

నాలుగింటికి బర్ట్, క్లైడ్ చెరో ట్రక్కులో వెళ్ళిపోయారు. ఇప్పుడు దారీ లేదు, గాడిదా లేదు. లైల్ సన్నదే కొన్నాడు. కారణం, అది చేతికి దగ్గరగా ఉంది.

ఇల్లు చేరేసరికి చీకటి పడుతోంది. గేటు దగ్గర రైఫిల్‌ని ఈసారి చంకలోంచి వదలకుండా దిగాడు. తలెత్తితే, తన గడ్డివామి పక్కన మగ ఎల్క్. కొమ్ములకి ఎండుగడ్డి వేలాడుతోంది. నెమ్మదిగా నములుతోంది. లైల్ పిడి లాగాడు.

"ఆగండి," అన్నాడు వరండాలోంచి వేట అధికారి. చివరి రోజని పొలాలు తిరుగుతూ వెర్నా కాఫీకి ఆగినవాడు. గడియారం చూశాడు. "పొద్దుగూకాక అరగంట దాకానే కాల్చాలి. అది దాటి నాలుగు నిమిషాలైంది."

"పదకొండింటి నుంచీ మేస్తోంది," అంది వెర్నా.

"ఫోన్లో చెప్పొద్దూ?"

"ఒడెల్ కొట్టుకి ఫోన్ చేసి ఎల్క్ ఎక్కడుందో చెప్పమంటావా? ఊరంతా తుపాకులతో కంచె మీదుండేది."

లైల్ అయినా చెప్పేవాడు కాదు. ఆ ఊళ్ళో ఎవరూ చెప్పరు.

అధికారి కొత్త రైఫిల్ అందుకుని తూటా తీసేశాడు. వంటింట్లోకి తొంగి, తలుపు వెనకున్న వెర్నా రైఫిల్‌ని చూశాడు. మళ్ళీ చేతిలోదాన్ని చూశాడు.

"రెండూ ఒకే రకమేగా?"

ఎల్క్ తీరిగ్గా కంచె దూకి బర్ట్ పొలంలోకి వెళ్ళిపోయింది.

మరుసటేడు వెర్నా లాటరీలో తన పేరు వేసింది. మొదటిసారికే తగిలింది, రైఫిల్ ఏదని ఎవరినీ అడగలేదు.