రెండు దీర్ఘాల ఊరు

ఒక ఊరికి పేరు ఉన్నదని తేలాలంటే ఆ ఊళ్ళో మనుషులు ఉండటం చాలదు. వాళ్ళు ఆ పేరు చెప్పుకోవటం అసలే చాలదు. నాగరిక ప్రపంచం ఈ విషయంలో ఎప్పుడో ఒక నిర్ణయానికి వచ్చేసింది. పేరు ఎక్కడో ఒకచోట అచ్చయి ఉండాలి. వీలైతే ఆ ఊరు చూడనివాళ్ళు దాన్ని ఆమోదించి ఉండాలి.

న్యూజిలాండ్ తూర్పు తీరాన, రెండు కొండల సందులో, నూట నలభై మంది కాపురముంటున్న టె కేకేకి ఈ నిర్ణయం కాస్త ఆలస్యంగా అందింది. ఫిబ్రవరి వరదకి వంతెనతో పాటు ఊరి బోర్డు కూడా సముద్రంలోకి కొట్టుకుపోయింది. వంతెన మళ్ళీ కట్టారు. బోర్డు రాయించటానికని జిల్లా మండలిలో సూచికల ఉప అధికారి లయల్ పింక్నీ పేర్ల రిజిస్టరు తెరవబోయి, అది కూడా వరదలో నాని ముద్దయిపోయిందని గమనించాడు. వెంటనే మండలి ఒక సర్క్యులర్ తీసింది. ఇకమీదట ఊళ్ళ పేర్లను ఇంటర్నెట్లో అందరూ కలిసి రాసే విజ్ఞానకోశం నుంచి ఎత్తి రాయవలెను. శుక్రవారం సాయంత్రం అయిదింటికి ఆ పేజీలో ఏది ఉంటే బోర్డు మీద అదే ఉండును. (అయిదూ అయిదుకి ఏది ఉంటుందో మండలికి సంబంధం లేదు.)

ఆ పేజీలో "టె కెకె" అని ఉంది.

మరాయె అనే ఊరి ఉమ్మడి సభామందిరం వంటింట్లో మూడొందల మందికి చెయ్యి వణకకుండా వండిపెట్టే మెరెపెకాకి ఈ సంగతి మంగళవారం పొద్దున్న తెలిసింది. ఆమెకు డెబ్బై రెండేళ్ళు. పుట్టింది ఈ ఊళ్ళోనే. అమ్మనీ అన్ననీ మట్టిలో పెట్టిందీ ఈ ఊళ్ళోనే. మావోరీలో కేకే అంటే చంక. కెకె అంటే కేకు. తెల్లవాళ్ళ ఓడల్లోంచి పిండి బస్తాలతో పాటు దిగిన మాట అది. రెంటికీ తేడా రెండు దీర్ఘాలు. రాతలో అయితే అక్షరం నెత్తిన ఒక్కో చిన్న గీత. నూట యాభై ఏళ్ళ కిందట పటం గీసిన సర్వేయరు దొరగారికి ఆ గీతలు పెట్టే తీరిక లేకపోవటంతో, మెరెపెకా వంశం మొత్తం చంకలోంచి కేకులోకి మారిపోయింది.

ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని, విజ్ఞానకోశంలో ఖాతా తెరిచి, రెండు గీతలూ పెట్టింది. టీ నీళ్ళు మరిగేలోగా గీతలు మాయమయ్యాయి. తీసేసినది "మంచుగూబ 77" అనే పెద్దమనిషి. ఆయన ఈ ఊరికి పదిహేడు వేల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు, కాబట్టి నిష్పాక్షికుడు.

"మార్పుకు ఆధారం చూపలేదు," అని రాశాడాయన.

"మా నానమ్మ చెప్పింది," అని రాసింది మెరెపెకా.

"మీ నానమ్మగారు ఎక్కడ ప్రచురితమయ్యారు?"

మెరెపెకా, నానమ్మ మొత్తం పదకొండు ప్రతులు వెలువడిందనీ, అందులో ఏడు మగ ప్రతులనీ జవాబిచ్చింది. గూబగారికి ఇది నచ్చలేదు. ఆమె ఖాతా మీద "నివాస దోషం" అనే ఎర్ర ముద్ర వేశారు. అంటే ఊళ్ళోనే ఉంటున్నందువల్ల ఊరి గురించి మాట్లాడే అర్హత కోల్పోయినట్టు. దోషం పోవాలంటే వేరే ఊరికి మారాలట, కనీసం ఆరు నెలలు.

"మరి కెకె అనటానికి మీ దగ్గరున్న ఆధారమేంటి నాయనా?" అని అడిగిందామె.

దానికి మాత్రం పేజీ అడుగున పక్కా ఆధారం ఉంది. కేకుల పండగ కరపత్రం, 1987, రెండో పేజీ. "టె కెకె అంటే కేకు అని స్థానికురాలు మెరెపెకా తెలిపారు."

ఆమె కరపత్రం సంగతి తేల్చుకోవటానికి నేరుగా గ్లెనిస్ టీ కొట్టుకి వెళ్ళింది. గ్లెనిస్ తెల్లావిడ, పెళ్ళయి ఈ ఊరొచ్చిన నాటి నుంచి మెరెపెకాకి నేస్తం. కేకుల పండగ మొదలుపెట్టిందీ, కరపత్రం రాసిందీ ఆవిడే.

"నేనెప్పుడు చెప్పానే నీకు ఆ మాట?"

"చెప్పావమ్మా. ఇదిగో ఈ బల్ల దగ్గరే, గుడ్లు గిలకొడుతూ చెప్పావు. కెకె అంటే ఏంటే అనడిగాను. కేకు అన్నావు."

"నువ్వు కెకె అనడిగావు, కేకు అన్నాను. కేకే అనడిగుంటే చంక అనేదాన్ని."

"నేనూ అదేగా అంటున్నాను. కెకె."

"కేకే!"

"కెకె. అరుస్తావెందుకే, రెండూ ఒకటేగా!"

(ఈ సంభాషణ ముప్పై ఎనిమిదేళ్ళుగా ఏటా పండగ ముందు జరుగుతూనే ఉంది. గ్లెనిస్ చెవులు మంచివే. కొడుకు కారు మలుపు తిరగకముందే గుర్తుపడుతుంది. దీర్ఘం ఒక్కటే వినపడదు.)

"అయినా పదకొండేళ్ళు వరసగా మొదటి బహుమతి నువ్వే కొట్టేశావు కదా," అంది గ్లెనిస్. "అప్పుడు నోరు మెదపలేదేం?"

"నోట్లో కేకుంది," అంది మెరెపెకా.

ఇంటికొచ్చి, ఆ కరపత్రంలో ఉన్న మెరెపెకాని తానేనని విజ్ఞానకోశానికి విన్నవించుకుంది. గూబగారు సానుభూతితోనే స్పందించారు. అచ్చులో ఉన్న మెరెపెకా నమ్మదగిన మనిషనీ, రాస్తున్న మెరెపెకా గుర్తు తెలియని వ్యక్తనీ, ఇద్దరిలో భేదాభిప్రాయం వస్తే మొదటావిడ మాటే చెల్లుతుందనీ వివరించారు.

బుధవారానికి చర్చా పేజీ ఊరి పేజీకి నలభై రెట్లయింది. అచ్చుల తాత్కాలిక సంఘం ఏర్పడింది. గురువారం పొద్దున్న ఆ సంఘం ఉభయతారకంగా ఒక రాజీ ప్రతిపాదించింది. ముందు అక్షరానికి దీర్ఘం ఉంచి, వెనకదానికి తీసేసి "టె కేకె" అనాలి. ఇది చంక పక్షానికీ అర్థం కాదు, కేకు పక్షానికీ అర్థం కాదు, కనుక ఎవరికీ అన్యాయం జరగదు. తొమ్మిది మంది ఓటు వేశారు. వాళ్ళలో ఒకాయన ఊరు వేరే దేశంలో ఉందనుకుని వేసినా, ఓటు చెల్లుతుందని తీర్మానించారు.

మెరెపెకా మళ్ళీ టీ కొట్టుకి వెళ్ళింది. ఈసారి అరవలేదు. దక్షిణపు గాలి సముద్రాన్ని తిరగేస్తోంది; ఊళ్ళోకి మాత్రం తగలటం లేదు.

"వంతెన పోయిన రోజు నువ్వెక్కడున్నావే?"

"మరాయెలో. నీ పక్కనే కదా!"

"పక్కన కాదు. చలికి పళ్ళు కొట్టుకుంటుంటే నా దుప్పట్లోకి లాక్కున్నాను. ఎక్కడ దూరావు నువ్వు?"

గ్లెనిస్ కిటికీలోంచి చూసింది. పెద్ద కొండ భుజం, దాని కొస చాపిన చెయ్యి, ఆ సందులో ఊరు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ కిటికీ తుడుస్తూనే ఉంది.

"నీ చెయ్యి కింద," అంది మెల్లగా.

"పడవ బోల్తాపడ్డ రోజు మా ముత్తవ్వకి ముత్తవ్వ తన మనవణ్ణి అక్కడే దాచుకుని, ఇక్కడే ఒడ్డెక్కిందట. ఆ పిల్లాడు బతికాడు కాబట్టే నేనున్నాను. దాన్నేమంటారే?"

"కే... కే," అంది గ్లెనిస్. రెండు దీర్ఘాలతో, మొదటిసారి.

తర్వాత ముక్కు చీదుకుని, "అది సరే, చంకల పండగకి ఎవడొస్తాడే?" అంది. అంటూనే కోటు తగిలించుకుని, ఊళ్ళవాళ్ళ వారపత్రిక ఆఫీసుకి బయలుదేరింది.

పత్రిక శుక్రవారం పొద్దున్నే వస్తుంది. ఎడిటరు అప్పటికే పేజీలు కట్టేశాడు. ఖాళీ ఒక్కచోటే మిగిలింది. గ్లెనిస్ రాసిచ్చిన నాలుగు వాక్యాలను అందులో ఇరికించాడు: "1987 కరపత్రంలో నేను తప్పు రాశాను. టె కేకే అంటే చంక, ఆశ్రయం. ఈ మాట చెప్పినది టె కేకేలో పుట్టిన మెరెపెకా. ఆమె నాకు ఎంతో ఆప్తురాలు. గ్లెనిస్."

ఆ ఖాళీ మరణవార్తల పేజీలో ఉంది. పైన ఒక రిటైర్డు పోస్టుమాస్టరు, కింద ఒక గొర్రెల డాక్టరు, మధ్యలో మెరెపెకా.

సాయంత్రం నాలుగున్నరకి విజ్ఞానకోశం స్వరం మారింది. బతికున్న మనిషి తన ఊరి గురించి చెప్పేది అభిప్రాయమనీ, పోయిన మనిషి చెప్పినది వారసత్వమనీ నియమం పదకొండు స్పష్టంగా చెబుతోందట. నివాస దోషం కూడా దానంతటదే తొలగిపోయింది (ఆమె ఇప్పుడు నివాసంలో లేదు కదా). గూబగారు స్వయంగా రెండు గీతలూ పెట్టి, సంతాపం తెలిపి, ఆ పక్కనే మెరెపెకా పేరు వెనక కుండలీకరణాల్లో మరణ సంవత్సరంగా ఆ ఏడాది వేశారు. అయిదింటికి పింక్నీ పేరు ఎత్తి రాసుకున్నాడు. ఊరు చంకలు గుద్దుకుంది. ఈ ఒక్క ఊరికే ఆ మాట సరిగ్గా నప్పుతుంది.

పై శనివారం కొత్త బోర్డు ఆవిష్కరణ. రెండు దీర్ఘాలూ తెల్లగా, బెత్తెడేసి పొడుగున, కారులోంచి కూడా కనపడేలా ఉన్నాయి. మెరెపెకా వాటిని వేలితో తడిమి చూసుకుంది. పింక్నీ టై సర్దుకుని కాగితం తీశాడు.

"ఈ పేరును మనకు అందించి వెళ్ళిపోయిన స్వర్గీయ మెరెపెకా గారి స్మృతికి..."

ముందు వరసలో, చేతిలో స్పాంజి కేకు పళ్ళెంతో నిలబడ్డ మెరెపెకాని గ్లెనిస్ మోచేత్తో పొడిచింది. "చెప్పవే, బతికే ఉన్నానని!"

"ఊరుకో," అంది మెరెపెకా, పెదవులు కదపకుండా. "నేను బతికున్నానని తెలిస్తే దీర్ఘాలు పోతాయి. ముందు ఆ మరలు బిగించనీ."

ఒక్క నిమిషం మౌనం పాటించమన్నారు. ఊరంతా తల దించుకుని నవ్వు ఆపుకుంటుంటే, మెరెపెకా ఒక్కతే బుద్ధిగా పాటించింది.

టీ దగ్గర పింక్నీ ఆమె పక్కకి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "ఏమండీ, మీరు ఆవిడకి ఏమవుతారు?"

"నేనా బాబూ?" అంది మెరెపెకా. "ఆధారం లేనిదాన్ని."

పింక్నీ మనసు కరిగిపోయింది. పాపం అనుకుని, తన వంతు కేకు కూడా ఆమె పళ్ళెంలోనే పెట్టాడు.