పాట చివర గిన్నెల చప్పుడు

ఆదివారం పొద్దున్నే టీ తాగి, అత్తగారి పాట కష్టం తీర్చేసి, మళ్ళీ ముసుగుతన్ని పడుకోవాలని అల్లుడు అనుకున్నాడు. అతను పని చేసేది ఫోన్లలో పాటలు వినిపించే కంపెనీలో. పాట ఫైలు బరువు తగ్గించి, సిగ్నల్ సరిగా లేనిచోట కూడా ఆగకుండా మోగేలా చేయడం అతని ఉద్యోగం. పెద్ద చప్పుడు కింద నలిగిపోయే చిన్న చప్పుళ్ళు చెవికి ఎలాగూ తెలియవని వాటిని తీసి పారేస్తాడు. ఆఫీసులో అందరూ అతన్ని కత్తెర అంటారు. అతనూ దాన్ని బిరుదులాగే మోస్తున్నాడు.

అత్తగారి పాటంటే, పోయిన మామగారు ఒకనాడు వంటింటి గుమ్మంలో నిలబడి పాడింది. ఆయన గొంతు మిగిలింది ఆ ఒక్క రికార్డింగులోనే. అల్లుడే దాన్ని కుటుంబం ఉమ్మడి ఖాతాలో పెట్టి, అందరి ఫోన్లలోకీ దింపాడు. అత్తగారిది మాత్రం పాత ఫోను, పాట అందులోకి దిగదు; నెట్ మీదే వినాలి. ఆవిడ ఉండే వెనక గదిలో సిగ్నల్ అంతంతమాత్రం. పాట సగంలో ఆగి చక్రం తిరుగుతుంది. ఆవిడ ఫోను ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

అల్లుడు పాటను పిండి పిప్పి చేసి ఇచ్చాడు. ఈసారి ఆగకుండా మోగింది.

"బాగానే వస్తోంది బాబూ. కానీ మీ మామగారు బిందెలో తల పెట్టి పాడినట్టుంది," అంది అత్తగారు.

ఇక పరువు సమస్య వచ్చిపడింది. బరువు కాస్త పెంచి, దానికి బదులుగా వెనకనున్న గరగర, దగ్గు, చివర్లో ఏదో గిన్నెల గోల, అన్నీ కడిగేశాడు. పాతది తీసేసి దాని స్థానంలో కొత్తది పెట్టాడు. ఉమ్మడి ఖాతా కాబట్టి అందరి ఫోన్లలోనూ పాతది పోయి కొత్తది కూర్చుంది.

అత్తగారు చివరిదాకా వింది. తర్వాత కొడుక్కి ఫోన్ చేసింది. "నాన్న పాట పోయిందిరా. మీ బావ ఇంకెవరితోనో పాడించాడు."

కొడుక్కి డ్రైవింగ్ స్కూలుంది. ఆ సమయానికి కారు ఒక కొత్త శిష్యురాలి చేతిలో ఉంది. "ముందు మా ఇంటికి పోనివ్వండి," అన్నాడు. ఆమె పోనిచ్చింది. గేటు దగ్గర ఆపమన్నాడు గానీ, ఆపడం రేపటి పాఠం.

ఒరిగిన గేటు దాటుకుంటూ వచ్చి, "నాన్న గొంతు కంప్యూటర్‌తో చేయించావటగా బావా?" అన్నాడు.

"చేయించడమేమిటి? శుభ్రం చేశాను."

"ఏమండీ, పాతదే పెట్టేయండి, గొడవ వదిలిపోతుంది," అంది భార్య.

ఆఫీసులో ఏ పాటకైనా అసలు కాపీ పక్కన దాచే అల్లుడు, ఇంట్లో పాటే కదా అని ఊరుకున్నాడు. "అది లేదు. తుడిచేశాను."

"పోనీలే బాబూ," అంది అత్తగారు. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

ఇక మిగిలింది బావమరిది ఫోను. శిష్యులు కార్లతో గోడలు గుద్దుతుంటే వీడియో తీసి వాళ్ళకే చూపించడం అతని పద్ధతి. అందుకే అందులో చీమ దూరే సందు ఉండదు. అందుకు ఈ కత్తెర అతన్ని ఎన్నిసార్లు ఎగతాళి చేశాడో లెక్కలేదు. ఇప్పుడు చోటు లేకే కొత్త పాట అందులోకి దిగలేదు. పాతది చెక్కుచెదరలేదు.

అందరూ చుట్టూ చేరి విన్నారు. గరగర, దగ్గు, పాట, చివర గిన్నెలు తోముతున్న చప్పుడు. ఆ చప్పుడు వెనక సన్నగా అత్తగారి గొంతు: "ఇక ఆపండి, తల నొప్పిగా ఉంది." మామగారు చిన్నగా నవ్వారు. అంతటితో అయిపోయింది.

ఆ మాట అల్లుడు ఇదివరకెన్నడూ వినలేదు. గిన్నెలతో పాటు దాన్నీ, ఆ నవ్వునీ కడిగి పారేశాడు.

"ఆపమన్నాను, ఆపేశారు," అంది అత్తగారు. "మళ్ళీ పాడమని నేనూ అడగలేదు. అడిగుండాల్సింది."

అల్లుడు ఆ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. "మిగతావన్నీ ఉంచి, ఆ ఒక్క మాట తీసేయనా అత్తయ్యా?"

"వద్దు బాబూ. అది తీసేస్తే ఆయన దేనికి నవ్వారో తెలియదు."

అల్లుడు ఒక్క చప్పుడూ ముట్టుకోకుండా పాత పాటను తిరిగి ఖాతాలో పెట్టాడు. వెనక గదిలో అది ఎప్పటిలాగే సగంలో ఆగి, చక్రం తిరిగింది. అతని చేయి అలవాటుగా ఫోను మీదికి వెళ్ళింది.

"ఉండనీ," అంది అత్తగారు. "మళ్ళీ పాడేదాకా కూర్చుంటాను."

బయట బావమరిది రేపటి పాఠం ఆ పూటే మొదలుపెట్టాడు.