ప్రభువులవారి సేన ఎందుకు ఓడింది?

కెనడాలోని విండ్సర్ తెలుగు సంఘంలో జరిగిన అంతర్యుద్ధంలో ప్రభువులవారి సేన ఓడిపోయిందని తెలియజేయడానికి చింతిస్తున్నాం. ప్రభువులవారంటే మరెవరో కాదు, ఏళ్ళ తరబడి సంఘాధ్యక్షులుగా వెలుగుతున్న శ్రీ జనార్దనరావు గారు. ఓటమికి కారణాలు విచారించమని నన్నే ఆజ్ఞాపించారు. నేనూ ఆ సేనలోవాణ్ణే కనుక కారణాల కోసం దూరం వెళ్ళక్కర్లేకపోయింది.

యుద్ధం ఒక గది కోసం మొదలైంది. మా సంఘం హాలు వెనక గదిలో ప్రభువులవారి ఎర్ర ముఖమల్ కుర్చీ, సన్మానాల శాలువాలు కాపురముంటాయి. ఆ ఏడు ఇండియా నుంచి స్టూడెంట్లు విమానాలకు విమానాలే దిగారు. అద్దెకిచ్చే బేస్‌మెంట్లన్నీ కిక్కిరిసిపోయాయి. నల్గొండ నుంచొచ్చి, చదువుకుంటూ కాఫీ షాపులో పార్ట్‌టైమ్ చేసే దమయంతి ఒకరోజు వచ్చి అడిగింది.

"అంకుల్, నిన్న దిగిన ఇద్దరు పిల్లలు బస్ స్టేషన్లనే కూసున్నరు. రూమ్ దొరికేదాక వెనక గదిల ఉండనిస్తరా?"

ప్రభువులవారికి గుండె తరుక్కుపోయింది. "అయ్యో పాపం, ఉండనివ్వచ్చు గానీ, మరి కుర్చీ ఎక్కడుంటుందమ్మా?" అన్నారు.

దాంతో ఆ పిల్ల అధ్యక్ష పదవికే పోటీకి దిగింది. హవ్వ!

మా బలం తక్కువేం కాదు. ఎవరూ అలగకూడదని ప్రభువులవారు అందరికీ పదవులిచ్చారు. ముఖ్య సలహాదారు, గౌరవ సలహాదారు, సలహాదారులకు సలహాదారు. ఇంతమంది సేనాధిపతుల్లో కుర్చీలు వేసేవాడు, పులిహోర వడ్డించేవాడు ఒక్కడూ లేడు. ఎప్పట్లాగే ఆ పని స్టూడెంట్లకు అప్పగించాం. విండ్సర్‌లో కారు లేకపోతే కాళ్ళు లేనట్టే కదా! అందుకని ఎన్నికల రోజు పొద్దున్నే మా కార్లు తీసి, సీటు బెల్టులు పెట్టించి మరీ, శత్రుసేనను యుద్ధభూమిలో మేమే దింపాం. వాళ్ళకు ఓటెలా వచ్చిందంటారా? సంఘం పెద్దదిగా కనబడాలని వాళ్ళందరినీ సభ్యులుగా చేర్చింది ప్రభువులవారే. ముందుచూపంటే అదీ!

భోజనాలవేళకు వేదిక మీద సన్మానం నడుస్తోంది. మేమంతా ఒకరికొకరం శాలువాలు కప్పుకుంటున్నాం. ప్రభువులవారు మైకు పట్టుకుని, "ఈ సంఘం నా చెమట, నా రక్తం, నా..." అంటున్నారు. ఎన్నికల అధికారి రంగనాథ్ గారు బ్రిడ్జి దాటి డెట్రాయిట్‌లో ఇంకో విందుకు వెళ్ళాలి. ఇక ఆగలేక, ఓటింగ్ కానిద్దాం, చేతులెత్తండన్నారు. పిల్లలు గరిటెలతో సహా ఎత్తేశారు. మా వంతు వచ్చేసరికి మా చేతుల నిండా మెమెంటోలు, పూలగుచ్ఛాలు. సన్మానం చేసినవాళ్ళ ముందే వాటిని కింద పెడితే ఎంత అమర్యాద! పెట్టలేదు. దమయంతి గెలిచింది, వెనక గదిలో పరుపులు పడ్డాయి.

జనవరి మంచులో ప్రభువులవారి మేనల్లుడు తనీష్ స్టూడెంట్ వీసా మీద దిగాడు. అయిదు బెడ్‌రూముల ఇంట్లో మొగుడూ పెళ్ళాలిద్దరే ఉంటున్నా, ప్రైవసీ పోతుందన్నారట వారి శ్రీమతి సూర్యకుమారి గారు. ప్రభువులవారు ఫోన్ తీసి, మొదటిసారిగా ఆ పిల్ల పేరుకు 'గారు' చేర్చి అడిగారు.

"దమయంతి గారూ, మావాడికి ఆ గదిలో కాస్త చోటుంటుందా?"

"ఉంది అంకుల్, తోలుకరాండ్రి. మీ కుర్చీ కూడా మంచిగనే ఉంది. బట్టలు ఆరేసుకుంటున్నం."

కుర్రాణ్ణి దింపడానికి నేనే కారు తీశాను. దారిలో ఊరికే ఉండక, "అంకుల్, మీ ఇంట్లో ఎన్ని రూములు?" అనడిగాడు.

"నాలుగు బాబూ. కానీ చుట్టాలొస్తారు కదా!" అన్నాను.

నవ్వకండి. మీ గెస్ట్ రూమ్‌లో ఎవరుంటున్నారో చెప్పండి చూద్దాం.