దొరసాని పథ్యం

అయినా పేగులు అబద్ధం చెప్పవు, ఆ పని చేసేది మనుషులే అనుకున్నాడు లెక్కల మాస్టారు, గోడ మీది పట్టికలో ముప్ఫై తొమ్మిదో గడిలో ఎర్ర పెన్నుతో సున్నా చుడుతూ. సున్నా అంటే దొరసానికి ఆ ఉదయం మళ్ళీ విరేచనాలు. ఇది పదకొండో సున్నా.

దొరసాని పదకొండేళ్ళ కుక్క. రెండేళ్ళుగా పేగుల వాపు. రెండు పూటలా ఒక మాత్ర, ఆరు వారాలపాటు తను రాసిచ్చిన పథ్యం తిండి తప్ప ఇంకేదీ నోట్లో పడకూడదు అంది పశువుల డాక్టరమ్మ. అప్పటికీ తగ్గకపోతే మత్తిచ్చి పేగు ముక్క తీసి చూడాలి; ఈ వయసులో మత్తునుంచి లేస్తుందని మాట ఇవ్వలేనంది. "నేను సంతకం పెట్టను," అని మాస్టారు ఆ రోజు లేచి వచ్చేశాడు. గడువు ఇంక మూడు రోజులే.

ఇంట్లో ఎవరో దొంగచాటుగా పెడుతున్నారు. అది ఎవరో తేలితే దొరసాని బతుకుతుంది. ఇరవై ఏళ్ళుగా పరీక్ష హాళ్ళలో స్లిప్పులు పట్టినవాడికి ఇదొక లెక్కా? ఈ అనుమానం ఆయనకు ఊరటగా కూడా ఉంది. వేలు చూపించడానికి బయట ఒకరుంటే లోపలి భయం కాస్త సర్దుకుంటుంది. మాత్ర వేద్దామని పిలవకముందే దొరసాని వచ్చి ఆయన జేబుకు ముక్కు ఆనించింది. మాత్రను ఇంత ఆశగా మింగే కుక్క ఎక్కడా ఉండదు. తనను అర్థం చేసుకున్న ప్రాణి ఈ ఇంట్లో ఇదొక్కటే అనుకుంటూ ఆయన వేళ్ళు తుడుచుకున్నాడు.

మొదట అత్తగారు దొరికింది.

"అత్తయ్యగారూ, ఒకసారి ఆ కొంగు ముడి విప్పండి."

ముడిలో రెండు బిస్కెట్లున్నాయి.

"షుగర్ పడిపోతే కళ్ళు తిరుగుతాయి, దగ్గర పెట్టుకోమన్నది మీరే కదా బాబూ."

"నిన్న మూడున్నాయి."

"ఓహో, లెక్క కూడా పెట్టారా. ఒకటి నేను తిన్నాను. నమ్మకం లేకపోతే నా కడుపు కోసి చూసుకోండి." ఆవిడ లోపలికెళ్ళి బట్టల సంచి సర్దడం మొదలుపెట్టింది.

భార్య వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. "మా అమ్మ దొంగైతే నేనూ దొంగనే. రండి, డబ్బాలన్నీ దింపుతాను. సర్దేది మాత్రం మీరే."

మాస్టారు వెనక్కి తగ్గలేదు. ఒక అట్టముక్క మీద "నాకు ఎవరూ ఏమీ పెట్టకండి. పెట్టేది ఎవరో మా యజమానికి తెలుసు" అని రాసి దొరసాని మెడలో కట్టి మెట్ల దగ్గర కూర్చోబెట్టాడు. పది నిమిషాల్లో పై వాటా టైలరు, మెడలో టేపుతో, దిగి వచ్చాడు.

"ఈ మెట్లు వాడేది నేనొక్కణ్ణే మాస్టారూ. అంటే నేనేగా?"

"నేను పేరు రాయలేదే."

"రాయాలా ఏంటి? నాకు కుక్కంటే భయమండీ. అది అక్కడుంటే ఇప్పుడు కూడా గోడకి అతుక్కుని దిగాను. పదండి, డాక్టరమ్మ ముందే తేలాలి ఇది."

ఒకే టాక్సీలో దొరసానితో సహా అందరూ ఇరుక్కున్నారు. "నన్ను స్టేషన్ దగ్గర దింపెయ్యి నాయనా," అంది అత్తగారు డ్రైవరుతో. రెండు వీధులు దాటాక, "వద్దులే, తీర్పు విని పోతాను," అంది.

డాక్టరమ్మ పట్టికంతా చూసింది. "మాత్ర ఎవరు వేస్తున్నారు?"

"నేనే. ఒక్క పూట తప్పలేదు."

"చేదు కదా, ఉమ్మెయ్యట్లేదా?"

"చీజ్ ముక్కలో పెట్టి ఇస్తానండీ. కమ్మగా మింగేస్తుంది."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "రెండు పూటలా?"

"రెండు పూటలా. కానీ అది మందు కోసం పెట్టిందండీ. తిండి కాదు."

"ఆ సంగతి పేగుకి ఎవరు చెప్తారు?"

వద్దనుకున్నా మాస్టారి బుర్ర లెక్క వేసేసింది: ఇవాళ్టి ఉదయంతో డెబ్భై ఏడు ముక్కలు. పరీక్ష హాలులో అందరి జేబులూ వెతికేవాడి జేబు ఎవరూ వెతకరు.

"పేగు ముక్క మాట ఇప్పుడు వద్దు," అంది డాక్టరమ్మ. "మాత్రని ఆ పథ్యం తిండిలోనే ఉండ చుట్టి పెట్టండి. మళ్ళీ ఒకటో రోజు నుంచి ఆరు వారాలు."

సంతకం అక్కర్లేదు. మాస్టారి గుండె ఒక్కసారిగా తేలికైంది. అయినా ఓడిపోవడం అలవాటు లేని నోరు ఊరుకోలేదు. "ఎంతండీ, గోరంత ముక్క..."

అత్తగారు సంచి కింద పెట్టింది. "అల్లుడుగారూ, ఒకసారి జేబు."

టైలరు టేపును వేలికి చుట్టుకుంటూ ఆగాడు. భార్య కిటికీలోంచి బయటికి చూసింది, భుజాలు మాత్రం కదులుతున్నాయి. మాస్టారు జేబులో చెయ్యి పెట్టి, సాయంత్రం పూటకని కాగితంలో చుట్టిన చీజ్ ముక్క తీసి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాడు.

ఆ గదిలో ఆయన మీద నమ్మకం పోయింది, చీజ్ చేజారిన దొరసానికి ఒక్కదానికే.