గుడ్లగూబ ఫైలు

వాన పడిన మరునాడు పొద్దున జయచంద్ర పెట్టుకున్న పని చాలా చిన్నది. పది గంటలకల్లా మార్కెట్ యార్డుకు పోయి, విత్తన శెనక్కాయల కోసం తెల్లారకముందే క్యూలో నిలబడిన నాయన రంగన్నకు ఇడ్లీ పొట్లం ఇచ్చి రావడం, అంతే. అనంతపురానికి వాన చుట్టపుచూపుగా వస్తుంది. వచ్చినప్పుడు నేలలో పదును ఆరకముందే విత్తనం పడాలి, లేదంటే ఆ ఏడాది సేద్యం అయిపోయినట్టే. యార్డులో సబ్సిడీ విత్తనాలకు చీటీలు అచ్చేసే ప్రోగ్రాం రాసింది జయచంద్రే. ఆ సంగతి నాయనకు చాలాసార్లు చెప్పాడు. "నువ్వు రాయకముందు క్యూ ఇంత పొడుగుండేది కాదు" అని రంగన్న ఒక్కసారే చెప్పాడు.

జయచంద్ర కమలానగర్‌లో ఒక కంప్యూటర్ సెంటర్‌లో ప్రోగ్రామర్. అక్కడ పొద్దున్నే పని మొదలుపెట్టే అలవాటు లేదు. ముందు ప్రపంచ సాంకేతిక రంగం మీద తీర్పు చెప్పాలి. అది 2002వ సంవత్సరం. అమెరికాలో ఏదైనా కంపెనీ మూతపడిందని పేపర్లో వస్తే జయచంద్ర టీ తాగుతూ "నేను ముందే అనుకొన్యా" అనేవాడు. కొత్త ప్రోగ్రామింగ్ భాష ఏదైనా వచ్చిందంటే "చూద్దాం, ఎన్నాళ్ళుంటాదో" అనేవాడు. ఆ భాషను తయారుచేసినవాళ్ళు ఈ మాట వినకుండానే బతికేస్తున్నారు.

ఆ రోజు తీర్పుకు వచ్చింది పేపరు వార్త కాదు, బెంగళూరులో ఉద్యోగం చేసే స్నేహితుడు అభిలాష్ పంపిన మెయిల్. కొత్త వైరస్ ఒకటి ప్రపంచమంతా పాకుతోందట. గుడ్లగూబ బొమ్మ ఉన్న చిన్న ఫైలులా కంప్యూటర్లో దాక్కుంటుందట. రెండు వారాలు నిద్రపోయి, లేచి అన్నీ తుడిచేస్తుందట. కనబడితే వెంటనే తీసేయాలి, తెలిసినవాళ్ళందరికీ చెప్పాలి.

జయచంద్ర వెతికాడు. గూబ కనబడింది. పక్క కంప్యూటర్లో వెతికాడు. అక్కడా కనబడింది. సెంటర్లో ఏ కంప్యూటర్ తెరిచినా గూబ గుడ్లు తేలేసి చూస్తోంది.

"ప్రసూనా, చూసినావా? అన్నిట్లోనూ ఉండాది. ఎంత పాకిందో చూడు."

ప్రసూన ఆ సెంటర్లో ఇంకో ప్రోగ్రామర్. వార్తల మీద తీర్పులు చెప్పని కారణంగా ఆమె పని టైముకు అయిపోయేది. "అన్నిట్లో ఉండాదంటే పుట్టినప్పట్నుంచీ ఉందేమో. ఏదైనా మంచి సైట్లో చూసి తియ్యి" అంది.

"నెట్ తెరుచుకునేలోపల వైరస్ లేచి కూచుంటాది."

"సరే, నీ ఇష్టం. నా కంప్యూటర్ మాత్రం ముట్టుకోవాకు" అని ఆమె కీబోర్డు మీద రెండు చేతులూ ఆనించి కూచుంది.

జయచంద్ర మిగిలిన కంప్యూటర్లన్నిట్లో గూబను తీసేశాడు. తెర మీది చెత్తబుట్టలో నుంచి కూడా ఊడ్చేశాడు. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడంతో ధైర్యం వచ్చింది. ఊరిని కాపాడే పని తన మీద పడిందని తోచింది. ఇడ్లీ పొట్లం స్కూటర్ డిక్కీలో వేసుకుని బయలుదేరాడు.

మొదట పెళ్ళికార్డులు అచ్చేసే వెంకటలక్ష్మమ్మ అంగడి. గూబను తెర మీద చూడగానే ఆమె కుర్చీలో నుంచి లేచి నిలబడింది. "ఇదా నా అంగట్లో ఉండేది? అదే అనుకొంటా ఉన్యా, బేరాలు యాల రావడంలేదని. తీసెయ్ నాయనా, ముందు తీసెయ్."

తీసేశాడు. ఆమె కంప్యూటర్‌కు కొబ్బరికాయ మీద కర్పూరం వెలిగించి దిష్టి తీసింది, ఆ కొబ్బరికాయ జయచంద్ర చేతిలో పెట్టింది. అక్కడి నుంచి నర్సింగ్ హోం. అక్కడి నుంచి ప్రైవేటు బస్సుల టికెట్ కౌంటర్. కబురు అతని స్కూటర్ కంటే ముందు పోతోంది. గడియారం స్తంభం దగ్గరికి వచ్చేసరికి కంప్యూటర్ లేనివాళ్ళు కూడా పిలవడం మొదలుపెట్టారు. ఒకాయన క్యాలిక్యులేటర్ చూపించాడు. ఇంకొకాయన మిక్సీ తెచ్చి "రొండు దినాల్నుంచీ మూలుగుతాంది, గూబేమో చూడప్పా" అన్నాడు. జయచంద్ర కాదనలేకపోయాడు. మిక్సీ మూత తీసి, లోపలికి తొంగిచూసి, "లేదన్నా, ఇది శుభ్రంగా ఉండాది" అని భరోసా ఇచ్చాడు.

యార్డుకు చేరేసరికి క్యూ గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది. రంగన్న క్యూ మధ్యలో చెప్పులు చేతబట్టుకుని నిలబడి ఉన్నాడు. చల్లారిపోయిన ఇడ్లీలు చూసి, కొబ్బరికాయ చూసి, "గుడికి పోయొచ్చినావా?" అన్నాడు.

"లేదు నాయనా, వైరస్ తీసేకి పోయింటి."

"జరమా?"

"కంప్యూటర్లకు."

 రంగన్న ఇడ్లీ తినడంలో పడ్డాడు.

లోపల శివప్ప సారు చీటీలు అచ్చేస్తున్నాడు. వ్యవసాయ శాఖలో అంత భయస్తుడైన ఆఫీసరు ఇంకొకడు లేడు. ఫ్యాను చప్పుడు మారినా ఫైళ్ళు బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. గూబ మాట చెవిన పడగానే కుర్చీ వెనక్కి జరుపుకుని, "తీసెయ్ జయచంద్రా, నేను చూడను" అని మొహం గోడకు తిప్పుకున్నాడు. జయచంద్ర గూబను తీసేశాడు. చీటీలు ఎప్పటిలాగే వస్తున్నాయి. శివప్ప సారు రెండు చేతులూ జోడించాడు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. అనంతపురంలో కరెంటు పోవడం వార్త కాదు. తిరిగి వచ్చాక కంప్యూటర్ వేశారు. తెర వెలిగింది, పేర్లు వచ్చాయి. ప్రింటరు మాత్రం మూగనోము పట్టింది. శివప్ప సారు మీట నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. జయచంద్ర తీగ పీకి పెట్టాడు, కాగితం మార్చాడు, ప్రింటరు వీపు మీద చిన్నగా చరిచాడు. చలనం లేదు.

అప్పుడు టేబుల్ మీద ఫోను మోగడం మొదలైంది. జయచంద్ర యార్డులో ఉన్నాడని ఊరందరికీ తెలుసు మరి. వెంకటలక్ష్మమ్మ అంగట్లో పెళ్ళికార్డు వరుడి పేరు దగ్గర ఆగిపోయింది, ఆడపెళ్ళివాళ్ళు అపశకునమంటున్నారు. నర్సింగ్ హోంలో బిల్లు రాక, నయమైనవాళ్ళు మంచాలు దిగలేకపోతున్నారు, కొత్త రోగులు వరండాలో పడుకున్నారు. బస్సు కౌంటర్లో టికెట్లు రావడం లేదు. ఫోను చేసినవాళ్ళంతా ఒకే మాట అంటున్నారు: నువ్వు మా గూబను తీసి మంచి పని చేసినావు, లేకుంటే ఇంకెంత నష్టమయ్యేదో.

కరెంటు పోయిన ప్రతిచోటా ప్రింటరు ఆగింది. గూబను తీసిన ప్రతిచోటా ప్రింటరు ఆగింది. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన నిలబడగానే జయచంద్రకు చెవుల దాకా వేడెక్కింది. సెంటర్‌కు ఫోను చేశాడు.

"అభిలాష్ ఇంకో మెయిల్ పంపినాడు" అంది ప్రసూన. "ఆ వైరస్ అబద్ధమంట. గూబ ఫైలు కంప్యూటర్‌దే. ప్రింటరును నడిపేది అదే. తీసేసినా కంప్యూటర్ ఆపేదాకా నడుస్తుంది, ఆపి మళ్ళీ వేస్తే ప్రింటరు నిలబడిపోతుంది. తొందరపడి ఎవరూ తియ్యొద్దన్నాడు."

"ఊళ్ళో యాడన్నా ఆ ఫైలు మిగిలుంటాదా?"

"నా దాంట్లో ఉండాది. ఫ్లాపీలో వేసుకోనొస్తా. ఆటో దొరికితే సరి" అంది ప్రసూన. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని జయచంద్రకు అనిపించింది.

ఈలోపల శివప్ప సారు కలెక్టరాఫీసుకు ఫోను చేసి, వైరస్ జిల్లా మీద పడిందని చెప్పేశాడు. వాళ్ళు ముందుజాగ్రత్తగా ఆఫీసులోని కంప్యూటర్లన్నీ ఆపేసి, బయటికొచ్చి చెట్ల కింద నిలబడ్డారట. కేబుల్ టీవీ కెమెరా యార్డుకు వచ్చింది. క్యూ క్యూలాగా లేదు, గుంపయింది. కిటికీలో నుంచి చేతులు లోపలికి వచ్చాయి.

"మిషన్ చెడిపోయిందంట. యాడ చెడిపోయిందప్పా? రేత్రికి దొడ్డిదోవన అమ్ముకునేకి ఈ నాటకం."

"పదును ఆరిపోతాంది. మాకు చీటీ వద్దు, కాయలియ్యండి."

"ఆ సారును బయటికి రమ్మను."

శివప్ప సారు బీరువా వెనక్కి చేరాడు. ఎవరో తలుపు మీద తన్నారు. గుంపులో నాయన తలపాగా అటూ ఇటూ ఊగడం కిటికీలో నుంచి కనబడింది. పొద్దుటి నుంచి ఆ మనిషి నిలబడింది ఈ చీటీ కోసం. దాన్ని ఆపింది తన కొడుకు. జయచంద్రకు నేల చీలి లోపలికి పోదామనిపించింది, కానీ అక్కడ నేలకు సిమెంటు వేశారు. తలుపు తీసుకుని బయటికి వచ్చి, శెనక్కాయల మూటల మీదికెక్కాడు.

"అన్నా, ఇనండి. సారు తప్పేమీ లేదు. నేనే చెడగొట్టినా. అది వైరస్ కాదు, కంప్యూటర్ సొంత ఫైలు. నాకు తెలీక తీసేసినా. ఊరంతా నేనే తీసినా. తప్పంతా నాదే."

 ముందు వరసలో ఉన్న తిప్పమ్మ అనే పెద్దమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఎంత మంచి పిల్లోడు చూడు. ఆ సారును కాపాడేకి తప్పు మీదేసుకుంటాండాడు."

"కాదవ్వా, నిజంగా నేనే."

"దిగప్పా, దిగు. నువ్వు పొద్దున్నుంచీ తిండి గూడా లేకుండా వైరస్ తీస్తాండావని మాకు తెల్దా?" అన్నాడు మిక్సీ ఆయన. అతను ఎప్పుడొచ్చాడో తెలియదు.

"అమ్మతోడు నేనే."

"అబద్ధానికి అమ్మ మీద ఒట్టెయ్యాకు నాయనా" అని తిప్పమ్మ మందలించింది. బీరువా వెనక నుంచి వచ్చిన శివప్ప సారు అతన్ని కావలించుకుని ఏడ్చాడు. కేబుల్ టీవీవాళ్ళు దాన్ని రెండు వైపుల నుంచీ తీశారు.

ప్రసూన ఆటో దిగి, గుంపును తోసుకుని లోపలికి పోయి, ఫ్లాపీ పెట్టి గూబను తిరిగి కూర్చోబెట్టింది. ప్రింటరు గరగరమంటూ లేచింది. బయట చప్పట్లు జయచంద్రకు కొట్టారు. "మిగిలిన అంగళ్ళకు నేను పోతా, నువ్వు ఈడ చప్పట్లు కొట్టించుకో" అని ఆమె అదే ఆటోలో వెళ్ళిపోయింది. జయచంద్ర తల ఎత్తలేదు. ఎంత అణకువో చూడండని పక్కనున్నవాళ్ళు చెప్పుకున్నారు.

పొద్దు వాలుతుండగా రంగన్న చీటీ తీసుకుని, విత్తనం మూట మోసుకుని గేటు దగ్గరికి వచ్చాడు. మూట దించి దాని మీద కూర్చున్నాడు.

"నువ్వే గదా చెడగొట్టింది?"

"నేనే నాయనా."

"నేనట్లే అనుకొన్యా."

జయచంద్ర నాయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "ఇంతమందిలో నువ్వొక్కడివే నమ్మినావు."

"వాళ్ళకు నువ్వు కొత్త. నాకు చిన్నప్పట్నుంచీ తెల్సు గదప్పా."

అప్పుడే కలెక్టరాఫీసు జీపు వచ్చి ఆగింది. ఆఫీసులోని కంప్యూటర్లన్నీ ఒకసారి చూసి, గూబ ఉంటే తీసి పొమ్మని కబురు. అది తీయకూడదండీ అని జయచంద్ర రెండుసార్లు చెప్పాడు. డ్రైవరు వినయంగా తలుపు తీసి పట్టుకున్నాడు. రంగన్న జీపును ముందు నుంచి వెనక దాకా చూశాడు.

"ఎనక సీటు ఖాళీగా ఉండాది. మనూరి మీదుగా పోతాదేమో అడుగు. పదునారేలోపల ఇత్తల్ల."

జిల్లాలోని వైరస్‌ను నిర్మూలించడానికి బయలుదేరిన జీపు, ముందుగా రంగన్న శెనక్కాయల మూటను చేనిగట్టు మీద దించి వచ్చింది.